కాన్సులేటు హైదరాబాద్‌లో... ఇంటర్వ్యూ ముంబైలో

గంభీరావుపేట: అమెరికాలో స్థిరపడిన కొడుకో కూతురో పిలిపించుకుంటే అక్కడికి శాశ్వతంగా వెళ్లదలచిన తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ ఎక్కడ జరుగుతుంది? హైదరాబాద్‌లోనే అని చాలామంది అనుకుంటారు. నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద అమెరికా కాన్సులేటు ఉండగా మరో రాష్ట్రానికి పోవలసిన పని ఏమిటన్నది సహజమైన ఆలోచనే. కాని వాస్తవం వేరు. చుట్టపు చూపుగా వెళ్లేవారికి, చదువుకు వెళ్లేవారికి, ఉద్యోగానికి వెళ్లేవారికి హైదరాబాద్ సరిపోతుంది. అక్కడే ఉండిపోవడానికి వెళ్లేవారు మాత్రం ముంబై రైలు ఎక్కవలసిందే.

ఈ తేడా తెలియక ఆఖరి నిమిషంలో ఆందోళన పడే కుటుంబాలకు, 2025 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన మరో నిబంధన తోడైంది. ఇంటర్వ్యూ ఎక్కడ అన్నది ఇక దరఖాస్తుదారు తనకు అనుకూలమైన చోటును వెతుక్కొనే వ్యవహారం కాదు. అతడు ఎక్కడ నివసిస్తున్నాడో, లేదా ఏ దేశ పౌరుడో దానినిబట్టి తేలే విషయం. సగం మంది ఇక్కడ, సగం మంది దుబాయిలో, ఒకరిద్దరు అమెరికాలో ఉండే కుటుంబాలు గల సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలకు ఇది చిన్న విషయం కాదు.

రెండు రకాల వీసాలు

అమెరికా వీసాలలో రెండు తరగతులున్నాయి. కొంతకాలం ఉండి తిరిగి వచ్చేవారికి ఇచ్చేవి ఒక రకం. పర్యాటకులు, విద్యార్థులు, హెచ్-1బి ఉద్యోగులు ఈ కోవలోకి వస్తారు. రెండవది వలస వీసా. దీనితో విమానం దిగిన మనిషి గ్రీన్‌కార్డుకు హక్కుదారు అవుతాడు. మొదటి రకానికి హైదరాబాద్, చెన్నై, ముంబై, ఢిల్లీ, కలకత్తాలలో ఇంటర్వ్యూలు జరుగుతాయి. రెండవ రకానికి దేశం మొత్తం మీద ముంబై, ఢిల్లీలే దిక్కు. తెలంగాణ కేసులు సాధారణంగా ముంబై వాటాలోకి పోతాయి.

హైదరాబాద్‌కు కాన్సులేటు వస్తున్నదని 2006 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ నగరానికి వచ్చినప్పుడే తెలిసింది. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అది ప్రారంభమైంది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత అమెరికా మన దేశంలో తెరిచిన మొదటి కొత్త దౌత్య కార్యాలయం అదే. అంతకు ముందు తెలుగు విద్యార్థులు వీసాకు చెన్నై వెళ్లి, తెల్లవారుజామున వరుసలో నిలబడేవారు. ఆ ఇబ్బంది తప్పింది. 2023 మార్చిలో కార్యాలయం నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. ఆ భవనానికి అయిన వ్యయం 34 కోట్ల డాలర్లు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాలు దీని పరిధిలోనివే. ఇంత జరిగినా వలస వీసాల విభాగం మాత్రం ఇక్కడికి రాలేదు.

వలస వీసా కేసులు చూసే కాన్సులేటుకు ఒక గుర్తు అక్షరాల సంకేతం ఉంటుంది. ముంబై కేసుల నంబర్లు బీఎంబీ అనే మూడు అక్షరాలతో మొదలవుతాయి. బొంబాయి పేరు 1995లో ముంబైగా మారినా అమెరికా వారి చిట్టాలో పాత పేరే నిలిచిపోయింది. మన వాళ్ల నోటి మాటలో మాదిరిగానే.

ఎవరికి హక్కు?

ఇంటర్వ్యూ దాకా వెళ్లక ముందే చాలామంది పొరపడే చోటు ఒకటున్నది. అబ్బాయికి అమెరికాలో ఉద్యోగం ఉంటే తల్లిదండ్రులను శాశ్వతంగా పిలిపించుకోవచ్చునన్నది నిజం కాదు. హెచ్-1బి మీద ఉన్నవారికి ఆ హక్కు లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికీ లేదు. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులు మాత్రమే తల్లిదండ్రుల కోసం పిటిషన్ వేయగలరు. గ్రీన్‌కార్డు ఉన్నవారు భార్యకో భర్తకో, పెళ్లికాని పిల్లలకో వేయవచ్చును.

ఇంకొక మెలిక. తండ్రికి, తల్లికి కలిపి ఒకే పిటిషన్ పనికిరాదు. ఇద్దరికీ వేర్వేరుగా వేయాలి. ఫీజులు వేరు, కేసు నంబర్లు వేరు. ఇద్దరి కాగితాలు ఒకే సమయానికి పూర్తి కాకపోతే ఇంటర్వ్యూ తేదీలు కూడా వేరుపడే అవకాశం ఉన్నది. తల్లిదండ్రుల వెంట ఇంట్లో ఉన్న చిన్న కొడుకునో, పెళ్లి కావలసిన కూతురినో తీసుకుపోవడానికి ఈ తరగతిలో వీలు లేదు. ముసలితనంలో పెద్దకొడుకు దగ్గరికి పోవాలంటే చిన్న బిడ్డను ఇక్కడ వదిలిపోవలసి రావడం ఈ చట్టంలోని కఠినమైన అంశం. దీని గురించి ముందుగా ఇంట్లో మాట్లాడుకోని కుటుంబాలు వీసా చేతికి వచ్చిన తరువాత తల పట్టుకుంటాయి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంగతి మరీ విచిత్రం. అమెరికా పౌరుడు తన తోబుట్టువు కోసం పిటిషన్ వేయవచ్చును గాని, భారతీయుల వంతు 2025 చివరి నాటికి 2006లో వేసిన పిటిషన్ల దగ్గరికి వచ్చింది. అంటే నిరీక్షణ దాదాపు 19 ఏళ్లు. 2006లో గంభీరావుపేట ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2014లో రాష్ట్రం, 2016 అక్టోబరులో జిల్లా మారాయి. ఇప్పుడు అదే ఊరు తెలంగాణలో రాజన్న సిరిసిల్ల జిల్లా. నాటి పిటిషన్‌లో ఒక చిరునామా, నేటి ఆధార్‌లో మరో చిరునామా, పాత పాస్‌పోర్టులో పుట్టిన ఊరి పక్కన మరో రాష్ట్రం పేరు. మనిషి కదలలేదు, ఊరు కదలలేదు, కాగితం మీద మాత్రం మూడు చోట్ల ఉన్నట్టు కనబడుతుంది. అడిగితే చెప్పుకోవచ్చును. అసలు చిక్కు వేరే ఉన్నది. ఇన్నేళ్ల తరువాత వంతు వచ్చిందని పంపే కబురు పాత ఈమెయిలుకో పాత చిరునామాకో పోతే, ఏడాదిలోగా జవాబు రాకుంటే పిటిషన్ రద్దయ్యే ప్రమాదం ఉన్నది.

2025 నాటి మార్పు

ఇంటర్వ్యూ తేదీని, చోటును నిర్ణయించేది ముంబై కాన్సులేటు కాదు. అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రం, పోర్ట్స్‌మత్ పట్టణంలో ఉన్న నేషనల్ వీసా సెంటర్. ఫీజులు కట్టించుకోవడం, కాగితాలు పరిశీలించడం, కేసు సిద్ధమైనదని తేల్చడం దాని పని. 2025 ఆగస్టు చివరలో అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించిన ప్రకారం, నవంబరు 1 నుంచి ఈ సెంటర్ దరఖాస్తుదారు నివసించే ప్రాంతానికి నిర్దేశించిన కాన్సులేటుకే ఇంటర్వ్యూ వేస్తుంది. దరఖాస్తుదారు కోరితే అతడు పౌరుడైన దేశంలో వేస్తుంది. ఈ రెండూ కాని మూడో దేశానికి అవకాశం అరుదు. ప్రాణాపాయం, వైద్యపరమైన అత్యవసర పరిస్థితి వంటి కొద్ది కారణాలకే మినహాయింపు. వీసా సేవలు నడవని దేశాల వారికి వేరొక దేశంలోని కార్యాలయాన్ని కేటాయించారు. అప్పటికే తేదీ ఖరారైన ఇంటర్వ్యూలను సాధారణంగా మార్చబోమని కూడా చెప్పారు.

ఇదే ఏడాది సెప్టెంబరులో తాత్కాలిక వీసాలకు కూడా ఇటువంటి కట్టుబాటే పెట్టారు. ఇక్కడ తేదీలు దొరకక బ్యాంకాక్‌కో సింగపూర్‌కో పోయి పర్యాటక వీసా తెచ్చుకొనే దారి దానితో మూసుకుపోయింది. అయితే ఆ దారి డబ్బున్నవారిది. మన ప్రాంతాన్ని తాకే మార్పు వలస వీసాలదే. అందుకు కారణం గల్ఫ్.

దుబాయిలో తండ్రి, డల్లాస్‌లో కొడుకు

1973లో చమురు ధరలు పెరిగిన తరువాత గల్ఫ్ దేశాలలో కట్టడాలు మొదలై, కూలీలకు గిరాకీ ఏర్పడింది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి జనం బొంబాయి ఏజెంట్ల ద్వారా దుబాయి, మస్కట్, సౌదీలకు దారి పట్టారు. ఆ సంపాదనతో అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి, అప్పులు తీరాయి. కొన్ని ఇళ్లలో పిల్లలు ఇంజనీరింగ్ చదివి ఎంఎస్ పేరిట అమెరికా చేరారు. తండ్రి ఇంకా అబుదాబిలో డ్రైవరు, కొడుకు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇటువంటి కుటుంబంలో కొడుకు పౌరుడై తండ్రికి పిటిషన్ వేస్తే ఇంటర్వ్యూ ఎక్కడ?

నివాసం రుజువైతే అక్కడే. యూఏఈలో ఉన్నవారికి అబుదాబి, సౌదీలో ఉన్నవారికి రియాద్. వద్దు, స్వదేశంలోనే కావాలని కోరుకుంటే ముంబై. ఈ రెండింటిలో ఏదైనా అడగవచ్చును. అయితే నివాసం అంటే ఏమిటో తెలిసి ఉండాలి. చెల్లుబాటులో ఉన్న అకామా గలవాడు అక్కడి నివాసి. విజిట్ వీసా మీద వెళ్లి పని వెతుక్కుంటున్నవాడు నివాసి కాడు. కఫీల్‌ను వదిలి బయట పనిచేస్తున్న ఖల్లివల్లి కార్మికుని పరిస్థితి చెప్పనక్కర లేదు. అతనికి ఏ రుజువూ లేదు. అధికారులు అదనపు ఆధారాలు అడిగే అవకాశం ఉన్నదని కొత్త నిబంధనలోనే ఉన్నది.

మరి ఏది మేలు? అకామా ఇంకా రెండేళ్లు ఉండి, పని నిలకడగా ఉన్నవానికి గల్ఫ్‌లోనే ఇంటర్వ్యూ తేలిక. సెలవు, విమాన టిక్కెట్టు ఖర్చు కలిసివస్తాయి. కాని గల్ఫ్ ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం. అకామా రద్దయి ఇంటికి వచ్చిన తరువాత రియాద్‌లో ఇంటర్వ్యూ పడితే తిరిగి పోవడానికి వీసా ఎవరిస్తారు? అప్పుడు కేసును ముంబైకి మార్చమని నేషనల్ వీసా సెంటర్‌కే రాసుకోవాలి. కాన్సులేటును అడిగి లాభం లేదు. ఆ మార్పుకు పట్టే కాలం అదనం. కంపెనీ మీద భరోసా లేనివారు మొదటి నుంచీ గంభీరావుపేట చిరునామా ఇచ్చి ముంబై కోరుకోవడమే క్షేమం. దూరం ఎక్కువైనా స్వదేశం తలుపు మూసుకోదు.

గల్ఫ్ వీసాకు అలవాటుపడిన మనవారికి అమెరికా పద్ధతి కొత్తగా తోచడానికి మరో కారణం ఉన్నది. గల్ఫ్‌కు మనిషి కన్నా ముందు పాస్‌పోర్టు ప్రయాణం చేస్తుంది. ఏజెంటు దానిని ముంబైకో ఢిల్లీకో పంపి స్టాంపింగ్ చేయించి తెస్తాడు. మనిషి మెడికల్‌కు పోతే చాలు. అమెరికా వలస వీసాకు మాత్రం మనిషే స్వయంగా కిటికీ ముందు నిలబడి ప్రమాణం చేసి సమాధానాలు చెప్పాలి. పిటిషన్ వేసిన కొడుకు పక్కన ఉండవలసిన అవసరం లేదు. అతని బదులు ఏజెంటు మాట్లాడే వీలూ లేదు. కనుక కొంత సొమ్మిస్తే హైదరాబాద్‌లోనే ఇంటర్వ్యూ వేయిస్తామని ఎవరైనా చెబితే అది మోసమని గ్రహించాలి. చోటు మార్చమని కోరడానికి ఫీజు లేదు, మధ్యవర్తి అక్కర లేదు.

పుట్టినట్టు కాగితమేది?

ముంబైకి వెళ్లడం ఒక ఎత్తు. అక్కడ చూపవలసిన కాగితాలు సంపాదించడం మరో ఎత్తు. ఇంటర్వ్యూకు వెళ్లిన వారిని తిరిగి పంపించేది చాలాసార్లు ఈ కాగితాలే.

జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్ల వయసున్నవారు అంతకు ముందే పుట్టారు. ఊళ్లో మంత్రసాని చేతుల మీద పుట్టినవారికి సర్టిఫికెట్టు ఎక్కడిది? బడిలో చేర్చినప్పుడు పంతులు అంచనాగా వేసిన తేదీయే జీవితాంతం పుట్టినరోజైంది. బడి ముఖం చూడని తల్లులకు అదీ లేదు. ఇటువంటివారు తమ జననం రికార్డులలో లేదని స్థానిక అధికారి ఇచ్చే ధ్రువపత్రం, దానితోపాటు తమ పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు సమర్పించవలసి ఉంటుంది. ఆలస్యంగా జననం నమోదు చేయించుకోవడానికీ వీలున్నది. ఏడాది దాటిన కేసులకు 2023 సవరణ తరువాత కోర్టు మెజిస్ట్రేటుకు బదులు జిల్లా మెజిస్ట్రేటు, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి ఉత్తర్వు సరిపోతుంది. కాని తేదీ పాస్‌పోర్టులో ఒకటి, సర్టిఫికెట్టులో ఒకటి వస్తే ఉన్న చిక్కుకు కొత్త చిక్కు తోడవుతుంది.

పేర్ల సంగతి చెప్పనక్కర లేదు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. ఓటరు కార్డులో రాజవ్వ, ఆధార్‌లో రాజమ్మ, కొడుకు జనన పత్రంలో రాజేశ్వరి. ఊరికంతా ఒక్క మనిషే అని తెలుసు. ముంబైలో కిటికీ వెనుక కూర్చున్న అధికారికి తెలియదు. కొడుకుకు ఆమె తల్లి అని నిరూపించేది కొడుకు జనన పత్రమే కనుక అందులో తల్లి పేరు ఎలా ఉన్నదో ముందుగా చూసుకోవడం అవసరం.

పోలీసు ధ్రువపత్రం విషయంలో గల్ఫ్ మళ్లీ ఎదురవుతుంది. ఇక్కడిది పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా వస్తుంది. పదహారేళ్లు దాటిన తరువాత మరో దేశంలో ఏడాది, అంతకు మించి ఉన్నవారు ఆ దేశపు పోలీసు ధ్రువపత్రం కూడా తేవాలి. పదేళ్లు మస్కట్‌లో, నాలుగేళ్లు కువైట్‌లో పనిచేసి వచ్చిన సిరిసిల్ల మనిషి రెండు దేశాల కాగితాలు చూపాలన్నమాట. కొన్ని దేశాలలో అక్కడ ఉండగా తీసుకోవడం సులభం, వచ్చిన తరువాత కష్టం. అమెరికాలో బిడ్డలున్నవారు గల్ఫ్ వదిలివచ్చే ముందే ఆ పత్రం గురించి వాకబు చేయడం మంచిది. పాత అకామా, పాత పాస్‌పోర్టు పారవేయరాదు.

ఏదైనా తక్కువైతే 221జి అనే చీటీ చేతికిస్తారు. అది తిరస్కారం లాంటిదే అయినా తలుపు పూర్తిగా మూయరు. అడిగిన కాగితం ఇచ్చేదాకా కేసు ఆగుతుంది. ఏడాదిలోగా ఇవ్వకపోతే మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది, ఫీజు సహా. ఆ ఫీజు మనిషికి 325 డాలర్లు. పోషణ హామీ పత్రం పరిశీలనకు 120 డాలర్లు వేరుగా ఉంటుంది.

బొంబాయి కొత్త కాదు, అయినా...

ముంబై ఈ ప్రాంతానికి పరాయి ఊరేమీ కాదు. తెలంగాణ నుంచి పోయిన కమాటీ కూలీల పేరనే అక్కడ కామాఠీపురా వెలిసింది. సాంచాల పని మీద సిరిసిల్ల పద్మశాలీలు భీవండిలో తరాలుగా ఉన్నారు. కామారెడ్డిలో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నిజామాబాద్, నాందేడ్ మీదుగా నేరుగా ముంబై చేరుస్తుంది. దిగగానే పలకరించే చుట్టం భీవండిలోనో వర్లీలోనో దొరుకుతాడు. అమెరికా కాన్సులేటు 2011 నుంచి బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో ఉన్నది.

అయితే రోజుకూలికి పోయే పాతికేళ్ల యువకుని ప్రయాణం వేరు. మోకాళ్ల నొప్పులు, షుగరు, బీపీలతో డెబ్బైలో పడిన దంపతుల ప్రయాణం వేరు. ఇంటర్వ్యూకు ముందే నిర్ణయించిన వైద్యుల వద్ద పరీక్షలు, టీకాలు పూర్తి కావాలి. లోపలికి సెల్‌ఫోను తీసుకుపోనివ్వరు కనుక చదువురాని తల్లి ఒంటరిగా లోపలికి వెళితే బయట ఉన్న అల్లునికి ఏ కబురూ అందదు. తోడు మనిషికి పని దినాలు పోతాయి. దంపతులకు తేదీలు వేరుపడితే ఇదంతా రెండుసార్లు.

హైదరాబాద్ అయితే గంభీరావుపేట నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరవచ్చును. వలస వీసాల పరిశీలన ప్రత్యేకమైన పని అని, అనుభవం గల సిబ్బందిని ఒకచోట ఉంచడం సౌకర్యమని వాదించవచ్చును. అందులో నిజం లేకపోలేదు. కాని ఢిల్లీకి కొన్ని కుటుంబ తరగతులు అప్పగించినప్పుడు, కనీసం తల్లిదండ్రుల కేసులను హైదరాబాద్‌కు అప్పగించడానికి అడ్డేమిటన్నది సమాధానం కావలసిన ప్రశ్న. నివసించే చోటికి దగ్గరగానే ఇంటర్వ్యూ జరగాలన్నది 2025 నిబంధన వెనుక ఉన్న తర్కం. ఆ తర్కమే తెలంగాణ వృద్ధుని విషయంలో ఏడువందల కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఇది అమెరికా ప్రభుత్వం నిర్ణయించవలసిన విషయమైనా, ఈ ప్రాంత పార్లమెంటు సభ్యులు, రాష్ట్ర ప్రభుత్వం కాన్సులేటు దృష్టికి తేగల విషయం కూడా.

ఇక్కడే తేల్చగలిగే పనులూ ఉన్నాయి. రికార్డులలో జననం లేదన్న ధ్రువపత్రం కోసం వృద్ధులు పంచాయతీకి, తహసీల్దారు కార్యాలయానికి, సిరిసిల్లకు మధ్య తిరగకుండా ఏ అధికారి ఇవ్వాలో, ఏ నమూనాలో ఇవ్వాలో మండల కార్యాలయం గోడ మీద రాసి పెడితే సగం ప్రయాణాలు తగ్గుతాయి. పేరు తేడాలను సరిదిద్దుకోవలసినవారు ఇంటర్వ్యూ పిలుపు కోసం కాక, పిటిషన్ వేసిన నాటి నుంచే ఆ పని మొదలుపెట్టాలి. ముంబై పిలుపు వచ్చిన తరువాత చేతిలో మిగిలేది కొద్ది వారాలే.